పెర్త్ పెరట్లో బల్గా: గ్రాస్‌ట్రీని చంపకుండా పెంచడం ఎలా

ముందే ఒప్పేసుకుంటాను, నా మొదటి గ్రాస్‌ట్రీని చంపింది నేనే. పెర్త్‌లో ఇల్లు కట్టుకున్న కొత్తలో వాకిట్లో ఈ ఊరి చెట్టు ఒకటి ఉండాలని ముచ్చటపడి, రోడ్డు పక్కన ట్రెయిలర్‌లో పెట్టి అమ్ముతున్న ఒకాయన దగ్గర నడుమెత్తు మాను ఉన్నదాన్ని బేరమాడి మరీ కొన్నాను. పాతాను, రోజూ పొద్దున్నే తులసికోటలో పోసినట్టు నీళ్లు పోశాను, పశువుల ఎరువు వేశాను, చుట్టూ బంతి నారు కూడా పెట్టాను. పద్నాలుగు నెలలు పచ్చగా, దర్జాగా నిలబడింది. ఇంటికి వచ్చినవాళ్లందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. పదిహేనో నెలలో ఒకరోజు మొవ్వులో ఆకులు కాస్త పాలిపోయినట్టున్నాయే అని పట్టుకుని లాగితే మొవ్వు మొత్తం గుప్పెట్లోకి ఊడొచ్చింది, లోపల కుళ్లు కంపు. నర్సరీలో పనిచేసే పెద్దాయనకి ఫొటో చూపిస్తే, "ఇది నువ్వు కొన్నరోజుకే చచ్చిపోయింది, నీకు ఇవాళ తెలిసింది" అన్నాడు.

ఆ మాట నిజం. ఈ చెట్టు చాలా నెమ్మదిగా బతుకుతుంది, అంతే నెమ్మదిగా చస్తుంది. మనకేమో మొక్క అంటే పొద్దున నీళ్లు పోస్తే సాయంత్రానికి తలెత్తాలి, నెలలో పువ్వో కాయో కనపడాలి. ఆ తొందర, ఆ అతిప్రేమ రెండూ గ్రాస్‌ట్రీకి పడవు. ఆస్ట్రేలియాలో మన తెలుగువాళ్లు చాలామంది ఇల్లు కొనగానే దీన్ని తెచ్చి పెట్టి, నాలాగే ఏడాదిన్నరలో పోగొట్టుకోవడం చూశాక, తెలిసినంతవరకు వరసగా రాద్దామనిపించింది. నేనుండేది పెర్త్ కాబట్టి ఇక్కడ పెరిగే గ్రాస్‌ట్రీ రకం బల్గా గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఇది ఏమిటో తెలియాలి

పేరు గ్రాస్‌ట్రీ, కానీ ఇది గడ్డీ కాదు, మామూలు అర్థంలో చెట్టూ కాదు. శాస్త్రీయ నామం జాంథోరియా. గ్రీకులో పసుపుగా కారేది అని అర్థం, మానులోంచి వచ్చే పసుపు బంకని బట్టి పెట్టారు. సుమారు 30 జాతులు ఉన్నాయి, అన్నీ ఆస్ట్రేలియావే, సహజంగా ఇంకెక్కడా పెరగవు. దీని చుట్టం ఎవరో తెలిస్తే నవ్వొస్తుంది: మన కలబంద. రెండిటిదీ ఒకే కుటుంబం. ఆకు చూస్తే పోలికే లేదు కానీ, నీళ్లు ఎక్కువైతే అలగడంలో మాత్రం అక్కాచెల్లెళ్లే.

పెర్త్ చుట్టుపక్కల కనిపించేది జాంథోరియా ప్రెయిస్సీ. 1838 నుంచి 1842 దాకా ఇక్కడ మొక్కలు సేకరించిన లుడ్విగ్ ప్రెయిస్ అనే జర్మన్ పేరు మీద 1846లో పెట్టారు. అంతకు వేల ఏళ్ల ముందు నుంచే ఇక్కడి ఆదివాసులైన నూంగార్ ప్రజలు దీన్ని బల్గా అంటున్నారు, అదే అందమైన పేరు. పాతకాలం వాళ్లు వాడిన ఇంగ్లిష్ పేరు ఒకటుంది, ఇక్కడి ఆదివాసుల ఒంటి రంగుని వెక్కిరించే పేరు. ఎవరైనా ముసలాయన నోట వినిపిస్తే నేర్చేసుకోకండి.

దీని మాను మన తాటిమాను లాంటిది కాదు. ఎండిపోయిన పాత ఆకుల మొదళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని, బంకతో అతుక్కుని, లోపలి పీచు భాగం చుట్టూ కోటగోడలా తయారవుతాయి. కార్చిచ్చు వచ్చినప్పుడు ఆ గోడే లోపలి ప్రాణాన్ని కాస్తుంది. ఆకులన్నీ కాలిపోయి నల్లటి మోడు మిగిలినా, కొద్ది వారాల్లోనే నడినెత్తిన పచ్చటి పిలక లేస్తుంది. ఇక ఎదుగుదల అంటారా, మాను ఏడాదికి 1 నుంచి 2 సెంటీమీటర్లు. లెక్క వేసుకోండి, మీటరు మాను ఉన్నదంటే దాని వయసు 50 నుంచి 100 ఏళ్లు. నేను బేరమాడి తెచ్చి ఏడాదిలో చంపింది మా తాతగారి ఈడుదన్నమాట. ఇది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఒకటో పని: అడవిలో చూసి రండి

కొనే ముందు ఒక ఆదివారం కేటాయించండి. కింగ్స్ పార్క్‌లో ఉన్నాయి, దగ్గరే. కానీ అసలు చూడాల్సింది జాన్ ఫారెస్ట్ నేషనల్ పార్క్‌లోనో, డార్లింగ్ కొండల్లో జారా అనే యూకలిప్టస్ చెట్ల కిందో, ఉత్తరాన యాంచెప్‌లోనో. అవి ఎక్కడ నిలబడ్డాయో గమనించండి. ఇసుక, కంకర, ఎర్ర గులకరాళ్లు. కొండవాలు. నీళ్లు పడితే క్షణం ఆగని నేల. ఎరువు అన్న మాట ఎరగని నేల. పెర్త్‌లో వాన ఎక్కువగా మే నుంచి సెప్టెంబరు దాకా పడుతుంది, వేసవిలో కొన్ని రోజులు ఎండ 40 డిగ్రీలకి చేరుతుంది, వాన చాలా తక్కువ. నెలలు దాదాపు మన నైరుతి రుతుపవనాలవే, కానీ ఇక్కడ అప్పుడు చలికాలం. ఈ చెట్టు ఆ లెక్కకి అలవాటు పడింది: చలికాలం తాగడం, ఎండాకాలం ఓర్చుకోవడం.

అక్కడే ఇంకో చెట్టు కనపడి మిమ్మల్ని మోసం చేస్తుంది, దాని పేరు కింజియా. అదీ ఇలాగే పొడుగు మాను, తల మీద గడ్డి జుట్టు. తేడా పూలలో తెలుస్తుంది. బల్గాకి ఒకటే పొడుగాటి ఈటె లాంటి కంకి, ఒక్కోటి మనిషెత్తు దాటుతుంది. కింజియాకి తల చుట్టూ చిన్న చిన్న డప్పు కర్రల్లాంటివి గుత్తిగా వస్తాయి. అసలు కుటుంబమే వేరు. పెరట్లోకి అది మనకి వద్దు, దాన్ని కదిపితే బతికించడం ఇంకా కష్టం.

తిరిగొచ్చేటప్పుడు బూట్ల మట్టి దులుపుకోండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, ఎందుకో కింద చెబుతాను. పార్కుల మొదట్లో బూట్లు తోముకునే బ్రష్‌లు పెట్టి ఉంటాయి, వాడండి.

రెండో పని: మీ ఊరికి ఏది నప్పుతుందో చూసుకోండి

పెర్త్, బన్‌బరీ వైపు అయితే బల్గా, ఆలోచించే పనే లేదు. మెల్‌బోర్న్ వాళ్లకి జాంథోరియా ఆస్ట్రాలిస్. అడిలైడ్ వాళ్లకి క్వాడ్రాంగ్యులాటా, ఆ రాళ్ల కొండల్లో పెరిగేది. క్వీన్స్‌ల్యాండ్‌లో జాన్సోనీ, గ్లాకా. సిడ్నీ చుట్టూ నాలుగైదు రకాలు ఉన్నాయి, దేశీయ మొక్కల నర్సరీలో అడిగితే మీ పేటకి ఏది అచ్చమైనదో చెబుతారు. ఎక్కడిది అక్కడే పెట్టుకోవడం మంచిది, ఉన్న వాతావరణానికి అది అలవాటు పడే ఉంటుంది కాబట్టి మనకి సగం చాకిరీ తప్పుతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న చుట్టాలు "నాలుగు విత్తనాలు జేబులో వేసుకుని రా" అంటారు. తీసుకెళ్లకండి. ఆస్ట్రేలియా నుంచి పంపడానికీ రూల్స్ ఉన్నాయి, ఇండియాలో దించడానికి 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం పర్మిట్ కావాలి. పైగా జులైలో పట్టిన ముసురు వారం రోజులు వదలకపోతే ఈ బల్గా నిలబడదు. వాళ్లని కలబంద పెంచుకోమనండి, చుట్టమే కదా.

మూడో పని: కొనడం. డబ్బు పోయేది ఇక్కడే

మార్కెట్లో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి, విత్తనం నుంచి పెంచిన చిన్న మొక్క. చూడటానికి గడ్డిదుబ్బులా ఉంటుంది, మాను ఉండదు, చవక. రెండోది, మాను ఉన్న పెద్ద చెట్టు. దీన్ని ఎవరూ నర్సరీలో పెంచరు, వందేళ్లు ఆగలేరు కదా. రోడ్లు, కాలనీలు, గనుల కోసం చదును చేసే భూముల నుంచి తవ్వి తెస్తారు. ఆ తవ్వడంలో వేర్లు తెగుతాయి. మాను ఎత్తుని బట్టి రేటు, వందల డాలర్లు.

పెద్దది కొనాలనుకుంటే అమ్మేవాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడి నుంచి తెచ్చారు? లైసెన్స్ ఉందా? తవ్వి కుండీలో పెట్టి ఎన్నాళ్లయింది? వెస్టర్న్ ఆస్ట్రేలియాలో దేశీయ మొక్కలకి 2016 నాటి బయోడైవర్సిటీ కన్సర్వేషన్ యాక్ట్ రక్షణ ఉంది. ప్రభుత్వ భూమిలోంచి లైసెన్స్ లేకుండా తవ్వితే నేరం, సొంత పొలంలోంచి తవ్వినా అమ్మాలంటే లైసెన్స్ ఉండాల్సిందే. మూడో ప్రశ్నకి "ఏడాదిన్నర పైనే" అని జవాబు వచ్చి, కుండీ అడుగు రంధ్రాల్లోంచి కొత్త వేర్లు తెల్లగా కనపడితే కొనండి. "మొన్ననే వచ్చింది, చూడండి ఎంత తాజాగా ఉందో" అన్నారంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. ఈ చెట్టులో తాజాదనం మంచి గుర్తు కాదు. వేర్లు పోయినా మానులో దాచుకున్న తిండితో నెలల తరబడి పచ్చగా నటిస్తుంది, నా చెట్టు చేసింది అదే.

ఇంకో పరీక్ష. నడి మొవ్వులో సన్నటి లేత ఆకులు రెండు పట్టుకుని మెల్లగా లాగండి. గట్టిగా పట్టుకుని ఉండాలి. జారి వచ్చి, అడుగు గోధుమరంగులో మెత్తగా ఉంటే దాని కథ అయిపోయినట్టే. అమ్మేవాడు కోప్పడితే కోప్పడనివ్వండి.

నా సలహా అడిగితే, చిన్నది కొనండి. మాను కనపడదు, గొప్పగా చూపించుకోవడానికి ఉండదు, కానీ బతుకుతుంది.

నాలుగో పని: చోటు, నేల

పూర్తి ఎండ ఉన్న చోటు. సగం నీడలో బతుకుతుంది కానీ జుట్టు పలచబడి, పూలు తగ్గుతాయి. నడిచే దారికి కనీసం మీటరు దూరంలో పెట్టండి, ఆకుల చివర్లు సూదుల్లా ఉంటాయి, పిల్లల కళ్లకి సరిగ్గా ఆ ఎత్తులోనే వస్తాయి. లాన్ మధ్యలో వద్దు, స్ప్రింక్లర్ తడి రోజూ తగిలే చోటు అసలు వద్దు.

నీరు ఇంకుతుందో లేదో చూడండి. 30 సెంటీమీటర్ల గుంట తవ్వి నిండా నీళ్లు పోయండి, ఒకసారి ఇంకాక మళ్లీ పోయండి. రెండోసారి పోసినవి గంటా రెండు గంటల్లో పోతే ఢోకా లేదు. సాయంత్రానికి కూడా నిలబడే ఉంటే అది బంకమట్టి, అక్కడ గుంట తవ్వి పాతితే కుండలో పెట్టి మూత పెట్టినట్టే. అలాంటి చోట ఇసుక, కంకర కలిపి మోకాలెత్తు దిబ్బ పోసి దాని మీద నాటండి.

సముద్రం వైపు పేటల్లో సమస్య ఇంకోలా ఉంటుంది. అక్కడి ఇసుక వేసవిలో ఎండిపోతే నీళ్లని పీల్చుకోదు, నూనె రాసిన పళ్లెం మీద పోసినట్టు పక్కకి జారిపోతాయి. పైన తడిసినట్టు కనపడుతుంది, వేలు పెట్టి చూస్తే అంగుళం కింద పొడి. దీనికి వెట్టింగ్ ఏజెంట్ అని అమ్ముతారు, డబ్బా మీద రాసిన మోతాదు ప్రకారం ఏడాదికి ఒకటి రెండుసార్లు కలపండి.

ఐదో పని: నాటడం

ఏప్రిల్, మే నెలలు. నూంగార్ క్యాలెండర్‌లో ఆరు రుతువులు ఉంటాయి (మనకీ ఆరే, కానీ వాళ్లవి ఇక్కడి గాలికీ వానకీ కుదిరినవి), వాటిలో దీన్ని జెరాన్ అంటారు. ఎండ తగ్గి రాత్రిళ్లు మంచు మొదలవుతుంది, వెనకే వానలు వస్తాయి, నీళ్ల పని వాటికి వదిలేయొచ్చు.

గుంట కుండీకి రెండింతల వెడల్పు ఉండాలి, లోతు మాత్రం కుండీ అంతే. కుండీలో మట్టి ఎక్కడిదాకా ఉందో నేలలో కూడా అక్కడిదాకే రావాలి, పడిపోతుందేమో అని మానుని నాలుగు వేళ్లు లోతుగా పూడ్చేయకండి, అలా చేస్తే మొదలు కుళ్లుతుంది. పొడుగుదైతే రెండు కర్రలు పాతి మెత్తటి గుడ్డతో కట్టండి. ఎత్తేటప్పుడు జుట్టు పట్టుకోవద్దు, మొవ్వు కదిలితే ఇక అంతే. ఆకులన్నీ పైకి జడలా కట్టేసి, వేర్ల ముద్ద కింద గోనెపట్టా వేసి ఇద్దరు ముగ్గురు మోయాలి. మేం నలుగురం మోశాం, చూడటానికి పల్లకీ సేవలా ఉంది.

గుంటలో ఏమీ వేయకండి. మళ్లీ చెబుతున్నాను, ఏమీ వేయకండి. పశువుల ఎరువు, కోళ్ల ఎరువు, డీఏపీ, ఎముకల పొడి, వంటింటి కంపోస్టు ఏదీ వద్దు, తవ్విన మట్టే తిరిగి నింపండి. ఈ నేలల్లో భాస్వరం చాలా తక్కువ, ఆ కరువుకే ఇక్కడి మొక్కలు ఒంటిని మలుచుకున్నాయి. బల్గా, బ్యాంక్సియా అనే ఇక్కడి ఇంకో మొక్క అంత సున్నితం కాదు కానీ, ఎరువు ఎక్కువైతే దీనికీ అజీర్తే. ఏమీ వేయకుండా మనసొప్పదనుకుంటే, దేశీయ మొక్కల కోసం భాస్వరం తగ్గించి చేసిన మెల్లగా కరిగే ఎరువు వసంతంలో ఒక పిడికెడు చాలు.

నాటాక రెండు బకెట్ల నీళ్లు నిదానంగా పోసి మట్టి సర్దుకోనివ్వండి. చుట్టూ కంకరో చెక్కపొట్టో పరవొచ్చు, మొదలుకి మాత్రం జానెడు దూరం వదిలేయాలి.

మొదటి రెండేళ్లు

మొక్క నిలబడేది, పోయేది ఈ రెండేళ్లలోనే. మొదటి రెండు వేసవుల్లో వారానికి ఒకసారి, వడగాలి రోజుల్లో రెండుసార్లు, లోతుగా తడిసేలా పోయండి. రోజూ గ్లాసుడు పోయడం కంటే వారానికి బకెట్ పోయడం మేలు, వేరు నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పెర్త్‌లో స్ప్రింక్లర్లు ఆపేయాలన్నది రూలే, మీరూ ఆపేయండి. రెండేళ్లు దాటి నేలలో కుదురుకున్నాక నీళ్లు మానేయొచ్చు. కుండీలోదైతే వేరే సంగతి, దానికి వేసవంతా మీరే దిక్కు.

ఇక్కడి తోటవాళ్లు కొత్తగా నాటినదానికి నెలకోసారి బకెట్ నీళ్లలో కప్పు బ్రౌన్ షుగర్ కలిపి పోస్తారు, నేలలోని సూక్ష్మజీవులకి తిండి అంటారు. వినగానే నాకు జీవామృతం గుర్తొచ్చింది. అందులో పేడ, గోమూత్రం, శనగపిండి తీసేసి బెల్లం ఒక్కటే ఉంచినట్టు. నేను ఇండియన్ స్టోర్‌లో దొరికే బెల్లమే కలిపాను. పనిచేసిందా అంటే, చెట్టు బతికుంది, బెల్లం వల్లే అని మాత్రం ప్రమాణం చేయను. సముద్రపు నాచు ద్రావణం కూడా కొందరు వేర్లకి మంచిదని వాడతారు.

బతికిందా, చచ్చిందా తెలుసుకునే చిట్కా

దీని ఆకు కొస దగ్గర పెరగదు, మొదలు దగ్గర పెరిగి పైకి తోసుకొస్తుంది. కాబట్టి నడి మొవ్వులో పదీ పన్నెండు ఆకులు కలిపి పట్టుకుని, వాటి చివర్లు కత్తెరతో సమంగా కత్తిరించండి. కత్తిరించినచోట ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి (మా ఇంట్లో దీనికి చిన్న గొడవ అయింది, ఖరీదైన సీసా అట). నెల తర్వాత ఆ ఎర్ర చుక్కలు చుట్టూ ఉన్న పాత ఆకుల కంటే పైకి వచ్చాయా, మధ్యలో కొత్తగా సూది మొనలు లేచాయా చూడండి. లేస్తే బతికినట్టే. మూడు నెలలైనా చుక్క ఉన్నచోటే ఉంటే, ఎంత పచ్చగా కనపడినా అనుమానించాల్సిందే. మంచి ఎదుగుదల ఉండే కాలంలో చూడండి, నడి చలికాలంలో చూసి టెన్షన్ పడకండి.

బూట్ల మట్టి ఎందుకు దులపమన్నానంటే

ఇక్కడ డైబ్యాక్ అనే తెగులు ఉంది. కారణం ఫైటాఫ్తోరా సిన్నమోమి అనే సూక్ష్మజీవి, కంటికి కనపడదు, తడి మట్టిలో ఉండి వేర్లని కుళ్లబెడుతుంది. జారా అడవులు ఎకరాలకి ఎకరాలు దీనికే ఎండిపోయాయి, బల్గా దీనికి తొందరగా లొంగిపోయే మొక్కల్లో ఒకటి. మా నాన్నకి ఫోన్లో చెబితే వెంటనే పట్టుకున్నాడు, ఎందుకంటే కోనసీమ కొబ్బరిలో మొవ్వుకుళ్లు తెచ్చేది కూడా ఈ ఫైటాఫ్తోరా వంశమే, జాతి వేరు. అక్కడ మొవ్వు నుంచి మొదలై కిందికి, ఇక్కడ వేరు నుంచి మొదలై పైకి.

అడవిలో మట్టి తేవద్దు, ఎవరి తోటలోంచో మొక్క తవ్వి తేవద్దు, పార పలుగు అరువిచ్చి తెచ్చుకున్నప్పుడు కడిగి ఆరబెట్టండి. పెరట్లో అవకాడో ఎండిపోయి ఉంటే, దానికీ ఇదే తెగులు వస్తుంది కాబట్టి, అదే గుంటలో బల్గా పెట్టొద్దు. మొదట్లోనే పట్టుకుంటే ఫాస్ఫైట్ అనే మందు చల్లడమో, మానులోకి ఎక్కించడమో చేస్తారు. అది తెగులుని ఆపుతుంది కానీ మట్టిలోంచి పూర్తిగా పోగొట్టదు.

విత్తనం నుంచి పెంచాలనుకుంటే

ఓపిక ఉన్నవాళ్లకి నాకు తెలిసి ఇంత తృప్తినిచ్చేది లేదు, ఖర్చు కూడా దాదాపు సున్నా. కంకి మీద కాయలు వేసవిలో ఎండి, ముక్కులా మొనదేలి పగులుతాయి, లోపల నల్లటి గింజలు. పొరుగింటి చెట్టు కంకి అడిగి తెచ్చుకోండి, అడవిలో కోయడానికి లైసెన్స్ కావాలి. విత్తనాలమ్మేవాళ్ల దగ్గర కూడా దొరుకుతాయి. నిప్పు, పొగ, వేణ్ణీళ్లు ఏమీ అక్కర్లేదు, తాజా గింజ మామూలుగానే మొలుస్తుంది. ఏప్రిల్‌లో ముతక ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో గింజ మందం లోతున వేసి తడి ఆరకుండా చూడండి. నెలా నెలన్నరకి మొలకలు వస్తాయి, కొన్ని ఇంకా ఆలస్యం చేస్తాయి, ట్రే పారేయకండి. మొలక ఉల్లి నారులా, ఒకటే సన్నటి దారప్పోగు.

వేరు లోతుగా వెళ్తుంది కాబట్టి పొడుగు గొట్టాల్లాంటి కుండీల్లోకి తొందరగా మార్చండి. తర్వాత జరిగేది విచిత్రం. మొక్క పైకి పోకుండా వేర్లు ముడుచుకుని మొవ్వుని మట్టిలోకి లాక్కుంటాయి. మంట వచ్చినా, ఏ కంగారూ వచ్చి కొరికినా ప్రాణం నేల లోపల భద్రం. అందుకే ఏళ్ల తరబడి గడ్డిదుబ్బులాగే కనపడుతుంది, అడవిలో అయితే మాను బయటపడటానికి పదేళ్లు దాటినా ఆశ్చర్యం లేదు. నావి నాలుగు మొలకల్లో రెండు మిగిలాయి, ఇప్పుడు ఆరో ఏడు. ఇంటికొచ్చిన స్నేహితుడు కలుపు అనుకుని పీకబోయాడు.

నిప్పు, పూలు

"కాలిస్తేనే పూస్తుందట కదా" అని అందరూ అడుగుతారు. సగం నిజం. కాలకపోయినా పూస్తుంది, కానీ కార్చిచ్చు తర్వాతి వసంతంలో అడవంతా ఒక్కసారి ఈటెలు నిలబెట్టినట్టు కంకులు లేస్తాయి. పొగలో ఉండే ఎథిలీన్ వాయువు దీనికి సైగ. మన దగ్గర మామిడికాయలు మగ్గబెట్టే చాంబర్లలో వదిలే ఎథిలీనే ఇది. నూంగార్ ప్రజలు తరతరాలుగా అదను చూసి, చిన్న చిన్న ముక్కలుగా అడవిని వేడి తక్కువగా ఉండే మంటతో కాల్చేవారు. కంకిలోని తేనెని నీళ్లలో నానబెట్టి తాగేవారు, బంకతో గొడ్డలి రాయిని కర్రకి అతికించేవారు, ఎండిన పూలకాడని రాపాడించి నిప్పు పుట్టించేవారు, చచ్చిన మానులోంచి బార్డీ పురుగులు తీసి తినేవారు.

మీరు పెరట్లో కాల్చకండి. వీడియోల్లో గ్యాస్ టార్చ్‌తో రెండు నిమిషాల్లో కాల్చేసి చూపిస్తారు, వేసవిలో టోటల్ ఫైర్ బ్యాన్ (ఆరుబయట నిప్పు పూర్తిగా నిషేధం) ఉన్న రోజున అలా చేస్తే పెద్ద జరిమానా. మిగతా రోజుల్లో కూడా కౌన్సిల్‌ని అడగకుండా వద్దు, ఆ బంక ఎలా అంటుకుంటుందో చూస్తే గుండె ఆగుతుంది. దూరం నుంచి తెచ్చి నాటిన పెద్ద చెట్టుకి ఆకుల భారం తగ్గించాలంటే కత్తెరతో చుట్టూ సగానికి కత్తిరించండి, మొవ్వు వదిలేయండి.

కంకి జూన్ నుంచి డిసెంబరు మధ్య ఎప్పుడైనా రావొచ్చు. తెల్లటి చిన్న పూలు మొదట ఉత్తరం వైపు విచ్చుకుంటాయి, ఈ అర్ధగోళంలో ఎండ అటు నుంచి పడుతుంది కాబట్టి. దారి తప్పినవాళ్లకి దిక్సూచి, వాస్తు చూసుకునే మనవాళ్లకి ఉచిత సలహా. తేనెటీగలు, తేనె తాగే పిట్టలు రోజంతా దాని మీదే. పూత అయ్యాక అదే చోట నుంచి మాను ముందుకి సాగదు, పక్కనుంచి కొత్త మొవ్వు పుడుతుంది, ఒక్కోసారి రెండు పుట్టి రెండు తలలవుతాయి. పాత చెట్ల వంకరలన్నీ అవే.

ఎండాకుల పావడా ఉంచాలా, తీయాలా

ఎండిన ఆకులు రాలకుండా మాను చుట్టూ పావడాలా వేలాడతాయి. అందులో బల్లులు, అడవి పక్కన ఇళ్లయితే చిన్న జంతువులు తలదాచుకుంటాయి. నాకు అలా ఉంటేనే ఇష్టం, పాత పెంకుటింటి చూరులా ఉంటుంది. కానీ మీ ఇల్లు కార్చిచ్చు ముప్పున్న పేటలో ఉండి, చెట్టు గోడకి దగ్గరగా ఉంటే ఏటా అక్టోబరులో తీసేయండి, అది ఎండుగడ్డి మోపే. చేతి తొడుగులు వేసుకుని కిందికి వంచి విరిస్తే వస్తాయి, పచ్చివి పీకొద్దు.

చివరగా ఒకటి. ఇల్లు అమ్మి వేరే చోటికి వెళ్తుంటే దీన్ని తవ్వి తీసుకెళ్లాలనిపిస్తుంది, డబ్బు పెట్టాం కదా అని. నేలలో కుదురుకున్నదాన్ని మళ్లీ కదపకండి, కుండీలో ఉన్నదైతే తీసుకెళ్లండి. మా వీధిలో ఒకావిడ ఇల్లు ఖాళీ చేస్తూ కొత్తవాళ్ల కోసం చెట్టుకి చీటీ కట్టి వెళ్లింది: "దీనికి నీళ్లు పోయకండి, ఎరువు వేయకండి, నాటి తొమ్మిదేళ్లయింది." నా రెండు దుబ్బులకీ అలాంటిదే ఒకటి రాసి మీటర్ బాక్స్‌లో పెట్టాను, ఎప్పుడైనా అవసరం పడొచ్చని.